యమునక్క కడిగిన పళ్లెం

రఘునాథపల్లి దగ్గర మా బడిలో పన్నెండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండేది యమునక్క. నేను సైన్స్ చెబుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమెకు మాత్రం కోపం వచ్చిన రోజు నేను చూడలేదు.

మొన్న గురువారం పసుపు వేసిన కిచిడీ. ఆరో తరగతి సింధుకు ఊరగాయ ఇద్దామని వాళ్ల నానమ్మ ఐలవ్వ వచ్చింది. మనవరాలి పళ్లెం అంచున కిచిడీ ఎర్రబడి ఉంది. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లతో దిష్టి తీయడం మా వైపు ఇంటింటా ఉన్నదే. పైగా నెల కిందటే యమునక్కకు మనవడు పుట్టాడు. ఇంకేం, ఐలవ్వ రెండూ కలిపేసింది.

"బడి పళ్లెం ఇంటికి తీస్కపోయి మనుమనికి దిష్టి తీసింది. గా పళ్లెంలనే నా పిల్లకు బువ్వ పెట్టింది. రేపటి సంది గీమె వండొద్దు."

హెడ్మాస్టర్ జైపాల్ సార్ నీళ్లు నమిలారు. పన్నెండేళ్లుగా వండుతున్న మనిషిని అంత తేలిగ్గా తీసేస్తారా? నాకు ఒళ్లు మండింది.

"జర ఆగు అవ్వా" అని గ్లాసులో పసుపు నీళ్లు కలిపాను. సబ్బునీళ్లు పోస్తే ఎర్రబడ్డాయి. నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు. ఇంకాస్త సబ్బు పోస్తే మళ్లీ ఎరుపు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"చూసినవా? గది దిష్టి కాదు, సబ్బు" అన్నాను.

ఐలవ్వ పళ్లెం నా ముందుకు తోసింది. "సున్నమైతే గూడ గిట్లనే ఎర్రగైతది గద సారూ. సబ్బే అని ఎట్ల చెప్తవ్?"

నిజమే, సున్నం పోసినా పసుపు ఎర్రబడేదే, నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపయ్యేదే. నేను చేసిన ప్రయోగం యమునక్కకు ఏ సాయమూ చేయలేదు.

అప్పటిదాకా పొయ్యి దగ్గరే నిలబడిన యమునక్క ముందుకొచ్చింది. "సబ్బే అవ్వా. పొద్దుగాల నల్లా రాలె. ఒక్క బకెట్ నీళ్లతోని అన్ని పళ్లాలు కడిగిన, సబ్బు మంచిగ పోలె. దిష్టి తియ్యలె గని, తప్పు నాదే. తీసేస్తె తీసెయ్యిండ్రి."

ఆమె పని పోయినట్టే అనుకున్నాను. ఐలవ్వ పొయ్యి పక్కనున్న ఖాళీ బకెట్‌లోకి తొంగిచూసింది.

"నీళ్లు లేకుంటె అడగొద్దా? మా ఇంట్ల బోరున్నది."

శుక్రవారం పొద్దున, బడి పక్కనే ఉన్న తన ఇంటి బోరు నుంచి గోడ మీదుగా నీళ్ల పైపు వేసింది ఐలవ్వే. యమునక్క ఒక్కో పళ్లేన్ని రెండుసార్లు కడిగింది. రెండోసారి కడిగినవి ఐలవ్వే తుడిచి పెట్టింది.