నాన్న వద్దన్న గోల్

ఇందాక ఫోన్‌లో దేశాల మధ్య జరుగుతున్న ఫుట్‌బాల్ టోర్నీ చూస్తున్నాను. ఎవరూ తాకకుండానే ఒక ఆటగాడు మొహం పట్టుకుని పడిపోయాడు. పాపం, అవతలివాడికి రెడ్ కార్డ్ పడింది. ఇంక చూసే ఓపిక లేక కట్టేశాను.

మన దీవుల్లో, హోప్ టౌన్‌లో నాతో పెరిగినవాళ్లకు మా వరండాలో వేలాడే నాన్న బూట్లు గుర్తున్నాయా? వానకు నాని ఒకటే వాసన. ఒక ఏడు ఫెర్రీలో అవతలి ఒడ్డుకెళ్లి గోల్ ఘర్ జట్టుతో ఫైనల్ ఆడాం. ఆఖరి నిమిషాల్లో నాన్న గోల్ కొట్టాడు. మనమంతా గంతులేస్తుంటే ఆయన రెఫరీ దగ్గరికి వెళ్లి, బంతి తన చేతికి తగిలిందని హిందీలో చెప్పాడు. గోల్ రద్దయింది. టైబ్రేకర్‌లో ఓడిపోయాం.

తిరుగు ఫెర్రీలో జట్టువాళ్లెవరూ నాన్నతో మాట్లాడలేదు. ఇంట్లో అమ్మ ఆయన మోకాలికి వేడి ఉప్పు కాపడం పెడుతూ అడిగింది.

"ఎవరూ సూడలేదంట కదా. ఎందుకు సెప్పేసినావు?"

"ఆళ్ల గోల్‌కీపర్ భయ్యా నాకేసే సూస్తన్నాడు. ఏటి సెయ్యమంటావు?"

మరుసటి ఏడు ఆయన్ని జట్టులోకి పిలవలేదు.  అప్పట్నుంచి ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు నాన్న మైదానం పక్క దారి వదిలేసి చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఎందుకని అడగకుండా నేనూ ఆయన చెయ్యి పట్టుకుని, ఎండలో ఆ చుట్టుదారినే నడిచేదాన్ని.