గ్రౌండ్ వాటర్ క్లాసులో పలికిన గొంతు

ఆ అమ్మాయి చచ్చిపోలేదు. ముందు ఈ సంగతి తేల్చాకే మిగతాది మాట్లాడుకుందాం. అల్మాస్‌గూడలో ఇల్లు కట్టుకుని, షుగరు మాత్రలు వేసుకుంటూ, కూరగాయల బండివాడితో నాకంటే బాగా బేరమాడుతూ నిక్షేపంలా ఉంది. అలాంటి మనిషిని చంపి, దయ్యాన్ని చేసి, క్లాసులో కూర్చోబెట్టారు మా కాలేజీ పిల్లలు. మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికొచ్చి, డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరుచుకు కూర్చుంది. నేను చదివిన కాలేజీలోనే, నేను చదివిన సివిల్ ఇంజినీరింగే చదువుతోంది. ఫైనలియర్లో ఏ ఎలక్టివ్‌లు తీసుకోవాలో ఆ సాయంత్రంలోగా తేల్చాలట. ఏది స్కోరింగు, ఏ సారు మార్కులు గీసి గీసి వేస్తాడు, దేని తరవాత ఏది చదివితే ఉద్యోగానికి పనికొస్తుంది, అన్నీ బేరీజు వేస్తోంది. గ్రౌండ్ వాటర్ తీసుకోవే అన్నాను. "వద్దు పెద్దమ్మా, ఆ క్లాసులో దయ్యం ఉందంట. ఎప్పుడో ఒకమ్మాయి చచ్చిపోయాక కూడా అటెండెన్స్ పలికేదంట. సీనియర్లు చెప్పారు" అంది తల ఎత్తకుండా. నా చేతిలో చిక్కుడుకాయ తుంచకుండానే ఉండిపోయింది.

మా రోజుల్లో ఎలక్టివ్ ఎంచుకోవడానికి ఇంత శాస్త్రం లేదు. ఏ సబ్జెక్టుకి కోఠీ పేవ్‌మెంటు మీద పాత గైడు దొరికితే అదే మన అభిరుచి. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక బస్సు ఖాళీ అయ్యేది. అక్కణ్ణించి కాలేజీ దాకా గుట్టలూ, ప్లాట్ల హద్దురాళ్ళూ తప్ప ఏమీ ఉండేవి కావు. ఆ బస్సులో నా పక్కన కూర్చునేది తను, ఈ పిల్లలు దయ్యాన్ని చేసిన మనిషే. నల్గొండ జిల్లాలో ఒక మెట్ట ఊరినుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండేది. సివిల్‌లో ఆడపిల్లలం మేమిద్దరమే. "సిమెంటు బస్తాలు మోస్తావుటే?" అని మా మేనమామ నన్ను అడిగిన రోజులవి. నేను మార్కులు పడతాయని ప్రీస్ట్రెస్డ్ కాంక్రీట్ తీసుకుందామన్నాను. తను గ్రౌండ్ వాటరే అని భీష్మించుకుంది. "మా నాయిన ఏసిన బోర్లన్నీ ఎండినయ్. నీళ్లు యాడుంటయో సదువుకుంటనంటే నీకెందుకే అంత మంట?" అంది. చదువుకుంటే నీళ్ళు పడతాయా అన్నాను. "పడకపోతే ఎందుకు పడలేదో అన్న తెలుస్తది గద" అంది. వాదనలో నన్ను ఓడించినవాళ్ళు తక్కువ. వాళ్ళలో మొదటిది తనే. కొందరు మగపిల్లల్ని బతిమాలి, కొందర్ని బెదిరించి, సరిపడా పేర్లు పోగేసి ఆ క్లాసు నడిచేలా చేసింది కూడా తనే.

క్లాసులు మొదలైన కొన్నాళ్ళకే వాళ్ళ నాన్నకి పక్షవాతం కొట్టి నల్గొండ ఆసుపత్రిలో చేర్చారు. కబురు రాగానే పరుగెత్తింది. హాజరు తగ్గితే డిటెయిన్ చేస్తారు, ఏడాది పోతుంది. ఇంకో ఏడాది చదివించే ఓపిక వాళ్ళింట్లో లేదు. ఒకసారి ఊళ్ళో ఆగిపోతే ఇక ఆగిపోయినట్టే. సంగతి చెబితే మిగతా లెక్చరర్లు కనికరించారు. గ్రౌండ్ వాటర్ సారు మాత్రం "గదిలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆయనకి చూపు మందం, తల వంచుకుని నంబర్లు పిలుచుకుంటూ పోయేవాడు. అందుకని తన బదులు ప్రాక్సీ పలకాలని అనుకున్నది నేనే, ఆ సంగతి దాచను. స్నానాల గదిలో గొంతు మార్చి సాధన కూడా చేశాను. మేమంతా "ప్రెజెంట్ సార్" అనేవాళ్ళం. తను మాత్రం "ఉన్న సార్" అనేది, ఎవరెంత వెక్కిరించినా మానేది కాదు.

మర్నాడు పొద్దున సారు తన నంబరు పిలిచాడు. నేను ఊపిరి తీసుకున్నాను, నోరింకా తెరవలేదు. "ఉన్న సార్" అని వినపడింది, నా ఎడమ పక్కనుంచి. మొదటి బెంచీ మీద గోడకీ నాకూ మధ్య తను కూర్చునే ఖాళీలోంచి. సారు టిక్కు పెట్టుకుని తరవాతి నంబరు పిలిచాడు. అది నాది. రెండోసారి పిలిచాక పలికాను. బోరు వేసేటప్పుడు లేస్తుందే, తడి రాతిపొడి వాసన, అది సన్నగా వచ్చి పోయింది. ఖాళీ చోట అరచెయ్యి ఆనించి చూశాను. ఎవరో అప్పుడే లేచి వెళ్ళినంత వెచ్చగా ఉంది. ఎండ అనుకున్నాను. కానీ ఆ గదికి కిటికీలు పడమటివైపే.

క్లాసయ్యాక వెనక బెంచీవాడొకడు వచ్చి, "గొంతు మస్తు దింపినవ్, అచ్చం ఆమె లెక్కనే ఉంది" అన్నాడు. నేను కాదన్నాను. "మాకెందుకు దాస్తున్నవ్? మేమేమన్న సార్‌కు చెప్తమా?" అన్నాడు. నాకు పంతం వచ్చింది. మర్నాడు చేతిరుమాలు నోట్లో కుక్కుకుని వాళ్ళవైపు తిరిగి కూర్చున్నాను. సారు తన నంబరు పిలిచాడు, గొంతు పలికింది. వాళ్ళ ముఖాల్లో నెత్తురు దిగిపోవడం నేను చూశాను. అయినా మధ్యాహ్నానికల్లా క్యాంటీన్లో, "కడుపులకెల్లి మాట్లాడుడు నేర్చిందిరా" అని తీర్పు చెప్పేశారు. భయపడటం కంటే నన్ను అనుమానించడం సులువు కదా. ఆ మాటే ఈనాటికీ మా బ్యాచ్ వాళ్ళ నోట నానుతోంది. వారంలో తిరిగొస్తుందనుకున్న మనిషి నెల దాటినా రాలేదు. రోజూ పిలుపు, రోజూ జవాబు. నాకు అలవాటైపోయింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరించేది అందుకే. ఆ చోట సంచి పెట్టడం మానేశాను. మోచెయ్యి తగలకుండా కాస్త జరిగి కూర్చునేదాన్ని.

ఒక రోజు జవాబు రాలేదు. సారు తల ఎత్తాడు. కళ్ళద్దాలు సర్దుకుని, ఆ ఖాళీ వైపే చూస్తూ, "ఏమ్మా, ఇవాళ లేవా?" అని అడిగాడు. సాధన చేసిన గొంతు నా దగ్గరుంది, వాడలేకపోయాను. బెంచీ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. సాయంత్రం హాస్టల్ ఫోనుకి కబురొచ్చింది, వాళ్ళ నాన్న పోయాడని.

కర్మకాండలయ్యాక తిరిగొచ్చింది. హాజరు సరిపోయింది. పరీక్షలు రాసి పాసైంది. ఇప్పుడు ఊరూరా తిరిగి బోరు ఎక్కడ వెయ్యాలో చెబుతుంది. "నువ్వు పలకకుంటే నా సదువు ఆడనే ఆగుతుండె" అని ఇప్పటికీ అంటుంది. నేను పలకలేదే తల్లీ అని ఏళ్ళ తరబడి వాదించాను. నవ్వేది. కొన్నేళ్ళ కిందట దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర చెరుకురసం తాగుతూ తనే ఆ రోజుల సంగతి ఎత్తింది. "నాయిన మంచం పక్కకెల్లి కదల్లేదే నేను. నీళ్లు తాపిందీ నేనే, పక్క మార్చిందీ నేనే. ఆయనేమో రోజూ పొద్దున మా అమ్మను అడుగుడు, పిల్ల ఏది, ఇంక రాలేదా అని. ముంగట్నే కూసున్న నాయినా అంటే, నన్ను దాటి తలుపు దిక్కు చూస్తుండె. డాక్టరేమో మెదడుకు దెబ్బ తగిలింది, గట్లనే ఉంటది అన్నడు."

ఆ పూటతో నేను వాదించడం మానేశాను. "అవునే, నేనే పలికాను. ఇక తాగు" అన్నాను. నేను కావాలని ఓడిపోయిన వాదన నా జీవితంలో అదొక్కటే. కాదంటే, క్లాసులో పలికిన పొద్దుల్నీ, తండ్రి వెతుక్కున్న పొద్దుల్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది. లెక్కల్లో నాకంటే చురుకు, ఇక్కడ పడిన ప్రతి హాజరూ అక్కడ తండ్రి ముందు గైరుహాజరేనని ఇట్టే తేల్చేస్తుంది. ఈ రాత తన కంటపడితే ఏమో మరి. తను చదివేవి నీటిమట్టాల రిపోర్టులే అన్న ధైర్యంతో రాస్తున్నాను. కాలం ఎవర్ని ఎక్కడ ఉన్నట్టు రాసుకుంటుందో మనకి చూపించదు. వాళ్ళ నాన్న ఆఖరి రోజు సంగతి మాత్రం తను ఎన్నడూ చెప్పలేదు. ఎవరినైనా ఏదైనా అడిగేసే నేనూ అడగలేదు. క్లాసులో నీ గొంతు వినపడని ఆ ఒక్క పొద్దున, మీ నాన్న నిన్ను చూశాడా?