ఏడో కలుగు దగ్గర

కలుగులో పందికొక్కు ఉందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటే. సాయంత్రం కలుగు నోటిని తడిమట్టితో పలచగా మూయాలి. తెల్లవారాక వెళ్లి చూడాలి. మట్టి తోసేసి ఉంటే లోపల కాపురం ఉన్నట్టు. మూసింది మూసినట్టే ఉంటే ఖాళీ.

పోయిన వరికోతల ముందు కర్దనూర్ దగ్గర ఒక పొలం గట్టు మీద ఈ పద్ధతి పాటించాను. ఆ పొలం నాతోపాటు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషిది. ఆయన లోడింగ్‌లో, నేను మెయింటెనెన్స్‌లో ఉండేవాళ్లం. ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు ఇక్కడ పొలం లేదు. పొద్దున నడుస్తూ వాళ్ల గట్టు దాకా వెళ్లడం, చూసింది డైరీలో రాసుకోవడం నా అలవాటు.

గట్టు చివర ఒక కంపెనీ ప్రహరీ. అవతల క్యాంటీన్ ఎంగిళ్లు తిని బలిసిన పందికొక్కులు గోడ కింద నుంచి వచ్చి గట్టునంతా గుల్ల చేస్తాయి, వరి కంకులు కొరికి లోపలికి ఈడ్చుకుపోతాయి. నేను పదకొండు కలుగులు లెక్కపెట్టి, బొమ్మ గీసి, ఒక్కోదానికి ఒక్కో అంకె వేశాను.

"ఏంది సారూ, బొక్కలకు హాజరు తీసుకుంటున్నవా?" అనేవాడు ఆ రైతు. "మా కుక్కకు కాగితం అవసరం లేదు."

కుక్క మాట నిజమే. రైతు మరదలు తెల్లాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో వంట చేస్తుంది. సోఫాలు తవ్వి పాడుచేస్తోందని ఆ ఇంటివాళ్లు వదిలించుకున్న కుక్కను ఆమే తెచ్చి అక్కకు ఇచ్చింది. పొడుగు ఒళ్లు, జానెడు కాళ్లు, వేలాడే చెవులు. నేలలో దూరే జంతువుల వేట కోసమే పెంచిన విదేశీ జాతి అని తర్వాత చదివాను. పుట్టినప్పటి నుంచి టైల్స్ మీదే తిరిగిన కుక్క, మొదటిసారి గట్టు మీద వదిలితే ముక్కు ఆనించుకుంటూ వెళ్లి నేరుగా కలుగులో దూరింది. దీనికి ఈ పని ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న డైరీలో మూడుసార్లు రాసుకున్నాను.

రైతు భార్యకు మాత్రం దాన్ని లోపలికి పంపడం ఇష్టం లేదు. దాన్ని 'బిడ్డా' అని పిలిచేది. తన కంచంలోని పెరుగన్నమే దానికీ పెట్టేది.

"వడ్లు పోతే పోనియ్యి. నా బిడ్డకేమన్న అయితే నీకు బువ్వ పెట్ట, సూడు," అనేది మొగుడితో.

"అది పోతనంటది, నేనేం జేస్త?" అనేవాడాయన.

పదకొండు కలుగులూ మూసిన మర్నాటి పొద్దున నా డైరీ ప్రకారం మూడు, ఎనిమిది, తొమ్మిది అంకెల కలుగులు తెరుచుకున్నాయి. మిగతావి ఖాళీ. కుక్క మాత్రం ప్రహరీకి దగ్గరగా ఉన్న ఏడో కలుగు దగ్గర నిలబడి కాళ్లతో గీరసాగింది.

"అది ఖాళీ. నేను మూసినట్టే ఉంది," అన్నాను.

"సారు రాసిండు గదా," అని రైతు దాన్ని ఎత్తి తెచ్చి మూడో కలుగు ముందు వదిలాడు. కుక్క ఒకసారి వెనక్కి చూసి లోపలికి పోయింది. తోక కూడా కనిపించకుండా పోయాక నేను టైం రాసుకున్నాను.

మొదట మొరుగుడు దగ్గరగా వినిపించింది. తర్వాత దూరమైంది. ఆ తర్వాత గట్టు మీద నా కాళ్ల ముందే మట్టి బెత్తెడు కుంగింది. బోరు నీళ్లు పారి గట్టు తడిగా ఉంది. మొరుగుడు ఆగిపోయింది.

రైతు పార తీసుకుని మూడో కలుగు నోట్లో తవ్వడం మొదలుపెట్టాడు. ఆయన భార్య మడిలో నుంచి పరుగెత్తుకొచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి లాగుతూ, "బిడ్డా, బిడ్డా" అని కలుగులోకి పిలుస్తోంది.

"ఆగు పటేలా. ఎక్కడుందో తెలియకుండా తవ్వితే దాని మీదే మట్టి పడుతుంది," అన్నాను.

"ఎట్ల తెలుస్తది మరి?"

ఫ్యాక్టరీలో బేరింగ్ పాడైందో లేదో చూడటానికి ఇనప కడ్డీ ఒక కొస మెషిన్‌కు, ఇంకో కొస చెవికి ఆనించి వినేవాళ్లం. వాళ్ల గడ్డపార తీసుకుని కుంగిన చోటికి అవతల మూరెడు లోతు మెల్లగా దించి, పైకొసకు కుడి చెవి ఆనించాను. ఎడమ చెవి ఫ్యాక్టరీ కంప్రెసర్ల హోరుకు ఎప్పుడో పోయింది. ఏమీ లేదు. రెండడుగులు జరిగి మళ్లీ దించాను. ఏదో ఉంది, కానీ అది నా గుండె చప్పుడే కావచ్చు. ఇంకొంచెం జరిగాను. ఈసారి స్పష్టంగా వినిపించింది. గ్రీజు ఎండిన బేరింగ్ తిరుగుతున్నట్టు గర్రు, మధ్యలో గీరుడు.

"బతికే ఉందమ్మా," అన్నాను.

"ఏడ?"

గడ్డపార నిలబడ్డ చోటు చూశాను. ఏడో కలుగుకు మూరెడు దూరం.

అప్పుడు నాకు అర్థమైంది. మూడో కలుగు, ఏడో కలుగు లోపల ఒకటే. ముందురోజు సాయంత్రం ఏడో కలుగు మూస్తుంటే నోరు పెద్దది కావడంతో మట్టి లోపలికి జారిపోయింది. ఇటుక ముక్క ఒకటి బిగించి, దాని మీద మట్టి మెత్తాను. ఇటుకను ఏ పందికొక్కు తోస్తుంది? తోయలేదు కాబట్టి ఖాళీ అని రాసుకున్నాను. లోపలిది పారిపోవాల్సిన దారి, కుక్క బయటికి రావాల్సిన దారి రెండూ నేనే మూశాను.

"ఇక్కడ తవ్వొద్దు. ఏడో కలుగు నోట్లో ఇటుక ఉంది, నేనే పెట్టాను. అది తీస్తే చాలు," అన్నాను.

రైతు నా వైపు చూశాడు. ఏడో కలుగు నోటి మీది మట్టి గీకి, ఇటుకను గడ్డపార మొనతో కదిలించి ఊడలాగాడు. లోపల చీకట్లో ముందు పందికొక్కు వీపు కనిపించింది, దాని వెనక కుక్క మూతి. చచ్చిన పందికొక్కును కరిచి పట్టుకునే ఉంది. వెనక మట్టి కూలింది, ముందు ఇటుక. అయినా పట్టు వదల్లేదు. మొరుగుడు ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది. నోరు ఖాళీ లేదు.

రైతు పందికొక్కును పట్టి లాగితే దాంతోపాటే కుక్క కూడా బయటికి వచ్చింది. కళ్ల నిండా మట్టి, ముక్కు మీద రెండు గాట్లు. ఆమె కొంగు తడిపి కళ్లు తుడిచింది. అప్పటికీ అది నోరు తెరవలేదు.

"ఇడువు బిడ్డా, సచ్చిందది. ఇడువు," అంటూ దవడలు నిమిరితే అప్పుడు వదిలి, పక్కకు తిరిగి తుమ్మింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాను.

"నీదే," అందామె. "రాసేదుంటే రాస్కో సారూ. మూసుడు మాత్రం ఇగ మేం మూస్కుంటం."

"కుక్క సెప్పింది, మనం కాగితం ఇన్నం," అన్నాడు రైతు. "గాలికని ఒక బొక్క ఎప్పుడు తెరిచే ఉంచాలె. నేనన్న సూస్కోవాల్సింది."

"నీ సంగతి ఇంటికాడ సూస్త."

తవ్విన చోట నుంచి మడి నీళ్లు పోతున్నాయి. ఆయనా నేనూ పారలతో మట్టి ఎత్తి గండి పూడ్చసాగాం. ఆమె కుక్కను భుజాన వేసుకుని ఇంటి దారి పట్టింది. అది ఆమె మెడ మీదుగా ముక్కు చాచి, గట్టు కేసే చూస్తూ, దిగిపోదామని గింజుకుంటోంది. ఆమె దాన్ని ఇంకా గట్టిగా హత్తుకుని నడిచింది.