రిసెప్షన్ ఇంగ్లీషు

మిల్టన్ కీన్స్‌లో ఒక జీపీ సర్జరీలో, అంటే మన డాక్టరు క్లినిక్ లాంటి చోట, రిసెప్షనిస్టుగా చేరి నాలుగేళ్లవుతోంది. చేరిన కొత్తల్లో పక్క కుర్చీలోని సీనియర్ నాకు ఇంగ్లీషు నేర్పింది. ఎమ్మే ఇంగ్లీషు చదివినదాన్ని, ఈవిడ కొత్తగా నేర్పేదేమిటనుకున్నాను. లేదు అనకూడదట, ఏ భయమూ లేకపోయినా "ఐ యామ్ అఫ్రెయిడ్" అని మొదలుపెట్టాలి. తెలియదు అనకూడదు, ఓపిక పట్టమంటూ "బేర్ విత్ మీ" అనాలి. ఎదుటివాళ్లు గొంతు పెంచితే "మై హ్యాండ్స్ ఆర్ టైడ్." చేతులు కట్టేసి ఉన్నాయని చెప్పాక ఇక్కడ ఎవరూ గట్టిగా అడగరు. నిట్టూర్చి ఫోన్ పెట్టేస్తారు.

పొద్దున ఫోన్ లైన్లు తెరిచిన కాసేపటికే ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోతాయి. మిగతా రోజంతా ఈ మాటలతోనే గడుస్తుంది.

పోయిన చలికాలంలో ఒకరోజు ఒక పెద్దావిడ స్వెటర్ మీద శాలువా కప్పుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఎడమ చెవికి అరచెయ్యి ఆనించుకుని ఉంది. ఇంగ్లీషులో ఏదో కూడబలుక్కుంటూ, నా మెడలో నల్లపూసలు చూసి ఆగింది.

"తెలుగువాళ్లా అమ్మా?"

"అవునాంటీ, చెప్పండి."

"చెవిపోటమ్మా. రాత్రుళ్లు నిద్ర లేదు. మా అమ్మాయి డ్యూటీకెళ్లింది. ఫోన్ చేస్తే రికార్డు మాట్లాడుతుంది గానీ మనుషులు పలకరే. అందుకని బస్సెక్కి వచ్చేశాను."

స్క్రీన్ చూశాను. ఎక్కడా ఖాళీ లేదు. అలవాటైన మాటనే తెలుగులో చెప్పాను. "ఇవాళ్టివి అయిపోయాయి ఆంటీ. నా చేతుల్లో ఏమీ లేదు."

ఆవిడ కోప్పడలేదు. "మరెవరి చేతుల్లో ఉందమ్మా?" అంది, నిజంగా తెలుసుకుందామన్నట్టు.

ఇన్నేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఆవిడ జవాబు కోసం అలాగే నిలబడింది. వెనక క్యూ పెరుగుతోంది. కూర్చోమని చెప్పి, వెళ్లి డాక్టరు గది తలుపు తట్టాను. ఆయన తల తిప్పకుండానే "ఐ యామ్ అప్ టు మై ఐస్" అన్నారు, కళ్లదాకా పనిలో మునిగి ఉన్నానని. అది సాకు కాదని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. టేబుల్ మీద టీ తాగకుండానే చల్లారిపోయింది. నేను కదలకపోయేసరికి, "సరే, లంచ్‌కి ముందు పంపించు" అన్నారు.

చెవిలో ఇన్ఫెక్షన్ ముదిరిందట. మందులు రాయించుకుని వెళ్తూ ఆవిడ నా దగ్గర ఆగి, "అడిగితే అయింది చూశావా" అంది. నవ్వాననుకుంటా. ఆవిడ వెనకాల వచ్చిన ముసలాయనకీ, పసిబిడ్డతో వచ్చిన అమ్మాయికీ మాత్రం ఐ యామ్ అఫ్రెయిడ్ అనే చెప్పాను. అందరి కోసం ఆ తలుపు తట్టలేను.

ఆ సాయంత్రం మా అమ్మాయి స్కూల్లో వయొలిన్ వాయించింది. నేను వెళ్లలేదు. ఇంటికి చేరేసరికి సోఫాలో యూనిఫాంతోనే కూర్చుని ఉంది.

"యూ సెడ్ యూడ్ కమ్."

"డ్యూటీల రోటా మార్చారు నాన్నా. ఇంకో ఆవిడ సిక్‌లో ఉంది. నేను మాత్రం ఏం..."

"అమ్మా, డోంట్ డూ ద సర్జరీ వాయిస్."

కూర్చుని బూట్లు విప్పుకున్నాను. "మేనేజర్ని అడిగితే పంపేదేమో. ఆవిడతో వాదించే ఓపిక లేక అడగలేదు" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. "ఓకే" అంది. లేచి ఫ్రిజ్‌లోంచి దోసెల పిండి తీసింది. మొదటి దోసె పెనానికి అంటుకుపోయింది. నేను లేవబోతే వద్దని చెయ్యూపింది. నేను కోటు కూడా విప్పకుండా అక్కడే కూర్చుండిపోయాను.