గంజి వార్చిన నూడిల్స్

రాజమండ్రి దానవాయిపేటలో సీతారామలక్ష్మిగారి మడి గురించి తెలియనివాళ్ళు లేరు. భర్త వీరభద్రం మాస్టారు పోయాక మేడమీద గదులు చదువుకునే ఆడపిల్లలకి అద్దెకిచ్చి, వాళ్ళకి తనే వండి పెట్టేవారు. వండుతూ ఏనాడూ రుచి చూసి ఎరగరు. దేవుడికి నైవేద్యం పెట్టాల్సినదాన్ని ఎంగిలి చేస్తారా ఎవరైనా? పులుసు మరిగే వాసన పట్టి ఉప్పు చాలిందో లేదో చెప్పేసేవారు. చేతి వంటకి వంక పెట్టడానికి ఉండేది కాదు. నోటికి మాత్రం వీధి వీధంతా హడలు.

రెండువేల మూడులో ఆ ఇంటికి మొగల్తూరు నుంచి కీర్తిప్రియ అనే పిల్ల వచ్చింది. డాక్టరు సీటు కోసం రెండోసారి ఎంసెట్ రాయాలని కోచింగ్‌లో చేరింది. మొదటిసారి పోయిందన్న బెంగో, ఈసారీ పోతుందన్న భయమో, అన్నం ముద్ద ఎత్తితే చాలు కడుపులో తిప్పేది. గదిలో దొంగచాటుగా హీటరు మీద నూడిల్స్ ఉడకబెట్టుకుని అవే తినేది. ఓ పొద్దున్న కోచింగ్‌కి బయల్దేరుతూ మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది.

వాళ్ళ నాన్న జగపతిరాజుగారు రొయ్యల చెరువులు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. "చదువు పోతే పోయిందండి, పిల్ల దక్కితే చాలు. ఇంకోసారి ఇలా అయిందంటే ఇంటికి తీసుకుపోతానండి," అనేసి వెళ్ళారు. కోపంతో అన్న మాటైతే నచ్చజెప్పుకోవచ్చు. ఆయన భయంతో అన్నారు. దానికి తిరుగు లేదని తెలిసి, పిల్ల పెరటి గట్టు మీద కూర్చుని ఏడ్చింది.

"ఏడిస్తే సీటిస్తారుటే? ఇచ్చేటట్టయితే చెప్పు, నేనూ వచ్చి ఏడుస్తాను," అన్నారు సీతారామలక్ష్మిగారు. "అన్నం దిగట్లేదు, ఆ వానపాములు దిగుతున్నాయి. అంతేనా?"

"అవి దిగుతాయండి మామ్మగారూ."

"సరే, పట్రా ఆ పొట్లాలు."

వంటింట్లోకి రానివ్వలేదనుకోండి. పొడిలో ఉల్లీ వెల్లుల్లీ ఉన్నాయని వాసనకే పోల్చేశారు. పెరటి వరండాలో వేరే పొయ్యి, వేరే గిన్నె పెట్టారు. నీళ్ళు మరిగాయి, నూడిల్స్ వేశారు, పొడి వేశారు, ఉడికింది. ఉడికాక ఏం చేస్తారు? బుద్ధెరిగినప్పటి నుంచి ఏం చేస్తున్నారో అదే చేశారు. సిబ్బి మూసి, అన్నం గంజి వార్చినట్టు శుభ్రంగా వార్చి, ఆ నీళ్ళు కుడితి కుండలో పోసేశారు. పాలు పోసే బుల్లియ్య గేదె ఆ పూట కుండ అడుగంటా నాకేసిందట. పిల్ల కంచంలోకి తెల్లటి దారాలు వచ్చాయి.

"గేదెకి విందు చేశానన్నమాట!" అని పకపకా నవ్వారావిడ. తన తప్పుకి తనే నవ్వగలగడం అందరికీ చేతకాదు. అంత కోపిష్టి మనిషికి చేతనైంది.

మర్నాడు ముందు పెసరపప్పు మెత్తగా ఉడికించి, ఆ పప్పుకట్టులోనే నూడిల్స్ వేశారు. ఆనపకాయ తురుము, వేయించి దంచిన వేరుశనగపప్పు వేసి, పైన ఇంత నెయ్యి పోశారు. వాసన పట్టి చూశారు. ఏమీ తెలియలేదు. ఎరగని వంట మరి! ఉప్పు ఎక్కువైతే పిల్ల కక్కేస్తుంది. గరిటె పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. తరవాత అరచేతిలో కాస్త వేసుకుని నాలిక్కి రాసుకున్నారు. వెంటనే నూతి దగ్గరికి వెళ్ళి తలారా స్నానం చేసొచ్చారు, అది వేరే సంగతి.

"మామ్మగారూ, మీరు రుచి చూశారా!" పిల్ల నోరెళ్ళబెట్టింది.

"దేవుడికైతే వాసన చాలు. ఆయనకి కడుపులో తిప్పదు. తిను."

ఆ చలికాలమంతా రోజూ రుచి చూడడమే, రోజూ స్నానమే. మెల్లిగా పొట్లం కాస్తా సగమైంది, సగం కాస్తా పిడికెడైంది. ఆ చోట్లోకి మునగాకు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా, జావలా ఉడికిన బియ్యపు నూక కూడా వచ్చింది. పైన మాత్రం కనబడేలా నాలుగు నూడిల్స్ పోగులు ఉండేవి. పిల్ల మొహం తేరుకుంది.

మాఘమాసంలో ఓ మధ్యాహ్నం జగపతిరాజుగారు కారేసుకుని దిగారు. పిల్ల ఇంకా నూడిల్సే తింటోందని ఎవరో చెవిన వేశారు.

"మీ మీద నమ్మకంతో వదిలానండి. మీరే పెడుతున్నారంటగదండీ ఆ చెత్త! అమ్మాయీ, సామాను సర్దుకో."

"ముందు ఎంగిలిపడండి రాజుగారూ. తరవాత తీసుకెళుదురు," అని ఇద్దరికీ పక్కపక్కనే కంచాలు పెట్టి, అదే వడ్డించారు.

ఆయన విసురుగా ఓ ముద్ద తిన్నారు. ఇంకో ముద్ద తిన్నారు. కంచంలో వేలితో కెలికి చూశారు. "నూడిల్స్ ఏవండీ ఇందులో? ఇది పులగం కదండీ! బియ్యవే కదా ఇది!"

ఎవరికీ జంకని సీతారామలక్ష్మిగారు పిల్ల చేతిలోని ముద్ద వంక చూస్తూ ఉండిపోయారు. అన్నమని పిల్లకి తెలిసింది. ఇప్పుడు కడుపులో తిప్పిందంటే కారెక్కడమే.

కీర్తిప్రియ ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. "నూక వేస్తున్నారని నాకు ధనుర్మాసంలోనే తెలిసిపోయిందండి," అంది.

"మరి చెప్పలేదేమే?"

"చెబితే మడి వంటింట్లోనే వండేస్తారు. ఇంక నాకోసం రుచి చూడరు కదా అని..."

ఆవిడ కొంగు కళ్ళకద్దుకుని నెయ్యి గిన్నె కోసం లోపలికి వెళ్ళారు. జగపతిరాజుగారు మారు వడ్డించుకుని తిని, ఆవిడకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, ఒక్కరే కారెక్కారు. మే నెలలో పిల్ల పరీక్షకి ఆ ఇంటి నుంచే వెళ్ళింది.

రాజుగారు వచ్చి వెళ్ళిన ఆ మాఘమాసపు సాయంత్రం సీతారామలక్ష్మిగారు వరండాలో పొయ్యి వెలిగించలేదు. లోపల, మడి వంటింట్లో, ఒక్క పోగైనా లేని పులగం వండారు. ముందు దేవుడి వాటా చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టారు. తరవాత మిగిలినదాంట్లోంచి కాస్త అరచేతిలో వేసుకుని, పిల్ల చూస్తుండగా, రుచి చూశారు.