గుమ్మం దాకా వెళ్ళిన కుర్చీ బండి

మట్టిని మెత్తగా చేసి, ఆ మట్టి మీదే మనిషికి దారి పెట్టిన దేవునికి స్తోత్రం. నడిచేవాళ్ళ కాళ్ళకీ, నడవలేనివాళ్ళ చేతులకీ బలమిచ్చేది ఒక్కడే. అలసిపోయినవాళ్ళ స్తోత్రం పెద్ద గొంతుతో రాదు, పెదవుల దగ్గరే ఉండిపోతుంది. అది కూడా దేవుని చెవిని చేరుతుందని నమ్మి ఇది రాయడం మొదలుపెడుతున్నాను.

మాది ద్రాక్షారామానికి దిగువన, కాలువ పక్క ఊరు. మా ఆయన వెల్డింగు మేస్త్రి. కిటికీ గ్రిల్సు, గేట్లు, రొయ్యల చెరువుల్లో పెట్టే ఇనప చట్రాలు చేసేవారు. ఒక ఎండాకాలం రైసుమిల్లు షెడ్డు పైకెక్కి రేకు బిగిస్తూ కాలు జారి పడ్డారు. నడుము విరిగింది. కాకినాడలో నాలుగు నెలలు మంచం మీద ఉంచి, ఇక కాళ్ళు రావని చెప్పి ఇంటికి పంపేశారు. అప్పటికి ఆయనకి ముప్పై ఆరేళ్ళు.

ఆ రోజు నుంచి నా పని మొదలైంది. పొద్దున్నే ఒళ్ళు తుడవడం, రెండు గంటలకోసారి పక్క మార్చడం, వీపు కింద ఎక్కడైనా ఎర్రబడి పుండు పడుతోందేమోనని చూడటం. నేను సన్నటి మనిషిని. ఆయన బరువుకి నా నడుము కూడా విరిగేదేమో, విరగలేదు. దేవుడు కాపాడాడని అందరూ అనేవారు. నేనూ అనేదాన్ని. కానీ సాయంత్రమయ్యేసరికి ఆ మాట అనడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

మా ప్రార్థన మందిరం కాలువకి అవతల. ఇంటి నుంచి గట్టు మీదుగా లాకుల దాకా వెళ్ళి, వంతెన దాటి, చేల మధ్య పుంతలో ఇంకాస్త నడవాలి. ఎండాకాలం ఆ మట్టిబాటలో దుమ్ము. వానాకాలం మడమ దాకా బురద. మొదట్లో ప్రతి ఆదివారం సంఘంలో నలుగురు వచ్చి ఆయన్ని మడత మంచం మీద మోసుకెళ్ళేవారు. మా వాళ్ళకి అది ఎంతో సంతోషం. సువార్తలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చిన సంగతి మాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. వేరే ఊరి నుంచి ప్రసంగానికి వచ్చినవాళ్ళు ఆయన వైపు చెయ్యి చూపించి ఆ సంగతే చెప్పేవారు. ఆ కథలో చివరికి ఆ మనిషి లేచి నడుస్తాడు. ప్రతి ఆదివారం మా ఆయన మాత్రం మళ్ళీ అదే మంచం మీద ఇంటికొచ్చేవారు.

ఒక ఆదివారం ఇంటి బయట మోసేవాళ్ళలో ఒకాయన ఇంకొకాయనతో, ఈ వారం నీ వంతు కదా, నాది పోయిన వారం అయిపోయింది అనడం ఆయన చెవిన పడింది. ఆ మాటలో చెడు లేదు. కోతల రోజులు, అందరూ అలసిపోయి ఉన్నారు. అయినా ఆ రోజు ఆయన తలనొప్పిగా ఉందని చెప్పి వాళ్ళని పంపేశారు. ఆ తర్వాత వెళ్ళలేదు.

"వెళ్తే నా అంతట నేను వెళ్తాను. ఎవడి భుజం మీదా ఎక్కను," అన్నారు నాతో.

అలా రెండేళ్ళు ప్రభు బల్లకి, ఆదివారం అందరం పంచుకునే రొట్టెకి, దూరమయ్యారు. మా నాన్న ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. బల్లని నిర్లక్ష్యం చెయ్యకూడదని వింటూ పెరిగాను. ఆదివారం పళ్ళెం నా చేతికొచ్చినప్పుడు, ఇంట్లో ఒక్కరే గోడవైపు చూస్తూ పడుకుని ఉన్న మనిషి గుర్తొచ్చి రొట్టె గొంతు దిగేది కాదు. ఎవరో దయతో చక్రాల కుర్చీ ఒకటి ఇచ్చారు. ఆసుపత్రి నేల మీద తిరిగే కుర్చీ అది. అక్టోబరు నెల మొదటి వానకే గట్టు మీద ఇరుసు దాకా దిగిపోయింది. దాన్ని బురదలోంచి వెనక్కి లాగేసరికి నేను గట్టు మీదే కూలబడ్డాను.

ఆ సాయంత్రమే ఆయన సుద్దముక్క అడిగి, మంచం పక్కన గచ్చు మీద బండి బొమ్మ గీయడం మొదలుపెట్టారు.

రాజమండ్రిలో పాత లారీలు విప్పే షెడ్డు నుంచి రెండు వైపర్ మోటార్లు తెప్పించారు. వాన నీళ్ళు తుడిచే మోటారు మనిషిని ఎలా మోస్తుందని అడిగాను. మెల్లగా తిరిగేది గట్టిగా లాగుతుందని చెప్పారు. వెనక రెండు చక్రాలకి చెరొక మోటారు, చెరొక చెయిను. కుడి బటన్ వదిలేస్తే బండి కుడికి తిరుగుతుంది, ఎడమది వదిలేస్తే ఎడమకి. సీటు కింద రెండు బ్యాటరీలు. చక్రాలకి ఆటో టైర్లు. వాటి మీద పాత ట్రాక్టరు టైరు కోసిన ముక్కలు బోల్టులతో బిగించి, బురదని పట్టుకునేలా చేశారు.

చేశారు అని రాస్తున్నాను గానీ ఆ చేతుల్లో సగం నావి. ఆయన గచ్చు మీద ఒరిగి కూర్చుని వెల్డింగు పెడుతుంటే పైపు నేను పట్టుకునేదాన్ని. హేక్సా బ్లేడుతో కొయ్యడం నేర్చుకున్నాను. పైపు వెంట్రుకవాసి కదిలితే, చర్చిలో పాట పాడుతున్నావనుకున్నావా, నిలబెట్టి పట్టుకో అని కసిరేవారు. మీ కాళ్ళతో పట్టుకోండి అని ఒకసారి నోరు జారాను. ఆ పూటకి వెల్డింగు అక్కడితో ఆపేశారు. మర్నాడు ఆయనే, పైపు పట్టుకోవడానికి ఇంకో పెళ్ళాన్ని చూస్తాను అన్నారు. చూడండి, ఆవిడ మీకు పక్క కూడా మారుస్తుంది, నేను కాస్త పడుకుంటాను అన్నాను. అది నిజంగానే అన్నాను.

ఎనిమిది నెలలు పట్టింది. మొదటిసారి గట్టు మీదికి తీసుకెళ్ళినప్పుడు ముందున్న రెండు చిన్న చక్రాలూ బోదె దగ్గర కూరుకుపోయాయి. చేలోకి నీళ్ళు పెట్టే ఆ చిన్న కాలవలో బండి ముక్కు ఆనించి ఆగిపోయింది. పక్క చేలో ఉన్న రైతు గట్టెక్కి వచ్చి, నవ్వు ఆపుకుంటూ చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంటి మేస్త్రీ గారూ, ఈ ఏడు మా చేను కూడా దీంతోనే దమ్ము చేసేస్తారా?"

"చేస్తానండి. కాకపోతే వెనకాల మా ఆవిడ తోస్తుండాలి," అన్నారు ఈయన.

ఆ రైతే మోకాళ్ళ దాకా బోదెలోకి దిగి బండిని పైకెత్తి పెట్టాడు. ఇంటికొచ్చి ఆ రెండు చిన్న చక్రాలూ పీకేసి, ముందు కూడా ఒక ఆటో టైరే బిగించారు. ఆ తర్వాత కూరుకుపోలేదు.

సంఘంలో అందరికీ ఇది నచ్చలేదు. నాకు అక్కలాంటి ఒక విశ్వాసి, కుర్చీ చేసుకున్నామంటే ఇక ఎప్పటికీ లేవలేమని మనమే ఒప్పుకున్నట్టు కదమ్మా అని బాధపడింది. ఆమె ప్రేమతోనే అంది. నా కొంగు పట్టుకుని ఏడ్చింది కూడా. నేను వాక్యంలోంచి జవాబు వెతికాను. దొరికాయి, చాలానే దొరికాయి. ఒక్కటీ చెప్పలేదు. నాకు నిద్ర కావాలి, అంతే.

రంగు వెయ్యడం మాత్రం పూర్తిగా నా పని. తుప్పు పట్టకుండా ముందు రెడాక్సైడ్ పూశాను. పైన ఏ రంగని అడిగితే, ఏదేసినా నెల తిరిగేసరికి బురద రంగే అన్నారు ఆయన. షాపులో పంపుసెట్లకి వేసే ఆకుపచ్చ డబ్బా ఉంటే అదే తెచ్చాను. మా సంఘ పెద్దని మేం అయ్యగారు అంటాం. ఆయన చూడటానికి వచ్చి, వెనకాల ఒక వాక్యం రాయిద్దాం బాబూ, ట్రాక్టర్ల మీద కూడా మన వాళ్ళు రాయించుకుంటున్నారు కదా అన్నారు. నా వీపు వెనకాల రాస్తే నేను చదవలేను కదండీ, నాకు తప్ప అందరికీ పనికొస్తుంది అన్నారు ఈయన. అయ్యగారు నవ్వేశారు.

జూలై ముసురు. నాలుగు రోజులైనా రంగు ఆరలేదు. ఒక సాయంత్రం వాన వెలిశాక ఉసిళ్ళు లేచి, వసారాలో లైటు చుట్టూ ముసిరి, వచ్చి ఆ తడి రంగు మీద వాలాయి. కుర్చీ చేతుల నిండా రెక్కలు. సూదితో ఒక్కొక్కటే తీస్తూ కూర్చున్నాను. రెక్క వస్తే కాలు మిగిలిపోయేది. కొంతసేపటికి ఆపేసి, మిగిలిన వాటి మీదే రెండో పూత వేసేశాను. దగ్గరగా చూస్తే ఆ పురుగుల గుర్తులు ఎప్పటికీ తెలిసేవి.

రంగు ఆరిన తర్వాతి ఆదివారం తెల్ల చొక్కా తొడిగి, తెల్ల లుంగీ కట్టి ఆయన్ని బండిలో కూర్చోబెట్టాను. ఆయనే బటన్లు నొక్కుకుంటూ వెళ్ళారు, నేను పక్కన నడిచాను. గట్టు దాటాం, లాకులు దాటాం. పుంతలో బురద చక్రాల నుంచి ముద్దలు ముద్దలుగా రాలింది గానీ బండి ఆగలేదు. మందిరం దగ్గరికి వచ్చేసరికి లోపల పాట మొదలైంది. వాకిట్లో చెప్పులన్నీ వరసగా ఉన్నాయి. బండి ఆ చెప్పుల దగ్గర ఆగింది.

అప్పుడు చూశాను చక్రాల వైపు. ఆయనా చూశారు.

మా మందిరంలోకి ఎవరూ చెప్పులతో అడుగుపెట్టరు. అందరం చాప మీదే కూర్చుంటాం. ప్రతి శనివారం ఆ గచ్చు కడిగేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఒకసారి పెళ్ళికొచ్చిన ఫొటోగ్రాఫరు బూట్లతో వస్తే, వెనక్కి పంపింది నేనే. ఎనిమిది నెలలు ఇద్దరం గట్టు గురించే ఆలోచించాం. గుమ్మం గురించి ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

ఇద్దరు ముగ్గురు లేచి ఎత్తడానికి వచ్చారు. ఆయన వద్దండి అని చెయ్యి అడ్డం పెట్టారు. చక్రాలు కడిగి తీసుకురండి, పరవాలేదు అన్నారు అయ్యగారు. కడిగితే చెప్పు చెప్పు కాకుండా పోతుందా అండీ అని ఈయనే ఒప్పుకోలేదు. వాకిట్లోనే ఉండిపోయారు. లోపల పళ్ళెం చేతి నుంచి చేతికి వచ్చి గుమ్మం పక్కన కూర్చున్న ఆఖరి మనిషి దగ్గర ఆగింది. అతను అయ్యగారి వైపు చూశాడు. మాలో బల్ల దగ్గరికి మనం వెళ్ళాలి, బల్ల మన దగ్గరికి రాదు. అయ్యగారు కాసేపు తల వంచుకున్నారు. పళ్ళెం లోపలికే తిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నేనూ తీసుకోలేదు.

ఆరాధన అయ్యాక ఇంటిదారి పట్టాం. నాకు ఏడుపు కూడా రాలేదు. అంతా అయిపోయిందనుకున్నాను.

మర్నాడు మళ్ళీ సుద్దముక్క అడిగారు. ఆ వారమంతా ఇద్దరం మళ్ళీ పైపు పట్టుకున్నాం. బండికి ఒక పక్క, సీటుకీ నేలకీ సగం ఎత్తులో ఒక మెట్టు. దాని పైన పట్టుకోవడానికి అడ్డంగా ఒక కమ్మీ. సీటు స్పాంజికి కింద కూడా రెగ్జిన్ కుట్టించి, ఊడి వచ్చేలా చేశారు.

రెండో ఆదివారం బండి గుమ్మానికి ఆనుకుని ఆగింది. ఆయన కమ్మీ పట్టుకుని పక్కకి జరిగి మెట్టు మీదికి దిగారు. సీటు లాగి గుమ్మం లోపల పడేశారు. దాని మీదికి దిగి, కాళ్ళు రెండూ చేతులతో ఒక్కొక్కటే లోపలికి తీసుకున్నారు. తర్వాత అరచేతులు గచ్చుకి ఆనించి నెట్టుకుంటూ, నున్నటి గచ్చు మీద మగవాళ్ళ చాప దాకా జరిగారు. రైల్వేస్టేషన్లో అలా జరుగుతూ అడుక్కునేవాళ్ళని చూశాను. నా మొగుణ్ణి అలా చూడాల్సి వస్తుందనుకోలేదు. సిగ్గుతో తల దించుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. తల ఎత్తేసరికి ఆయన అందరితో పాటు, అందరి ఎత్తులోనే కూర్చుని ఉన్నారు. పళ్ళెం పక్కనున్న మనిషి చేతి నుంచి ఆయన చేతికి వచ్చింది. తీసుకుని, అవతలి మనిషికి అందించారు.

దిగడం కంటే ఎక్కడం కష్టం. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర మెట్టు మీదికి లేవబోయి జారారు. మళ్ళీ జారారు. అందరూ చుట్టూ నిలబడిపోయారు. ఎవరి చెప్పులు వాళ్ళు వేసుకోలేదు. నేను ఒక అడుగు ముందుకేశాను.

"నువ్వు ఆగు," అన్నారు నా వైపు చూడకుండా. "మీరెవ్వరూ ముట్టుకోకండి."

చేతులు వెనక్కి కట్టుకున్నాను. మూడేళ్ళుగా ఆయన్ని ఎత్తిన చేతులు. ఎత్తడం కంటే ఎత్తకుండా నిలబడటం కష్టమని అప్పుడే తెలిసింది. నాలుగోసారి ఆయన మెట్టు మీదికి వచ్చారు. అక్కడ చాలాసేపు ఆగారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. తర్వాత సీటు మీదికి వచ్చారు. ఎవరూ స్తోత్రం అని కూడా అనలేదు. అయ్యగారు కళ్ళు తుడుచుకుని, వెళ్ళొస్తారా బాబూ అన్నారు. వచ్చే ఆదివారం కలుద్దామండి అన్నారు ఈయన.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. ఒక్కోసారి రెండో ప్రయత్నంలో, ఒక్కోసారి ఆరోసారి. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం మాత్రం నా పనిగానే ఉండిపోయాయి, ఈ రోజు పొద్దున కూడా.

చదివినవారు నాతో కలిసి కాసేపు తల వంచండి. ప్రభువా, సొంతంగా లేవాలని చూస్తున్నవాళ్ళకి భుజాల్లో బలమియ్యి. వాళ్ళ పక్కన ఊరికే నిలబడవలసిన మాకు ఓపికనియ్యి. ఇవాళ రాత్రి ఎక్కడెక్కడ ఎవరు ఎవర్ని పక్క మార్చాలో, ఆ మధ్యలో వాళ్ళకి రెండు గంటల నిద్రనియ్యి. ఆమేన్ అనండి, నాకు కాస్త తోడుగా ఉంటుంది.