గేరు దించమన్న అక్క

ఆ అక్కకు ఊరికే కూర్చోవడం చేతకాదు. టీ కొట్టు బల్ల మీద కూడా అరచేత్తో తొడ తడుతూ పెడళ్ల లయ లెక్కపెట్టేది. ఊర్జానగర్‌లో మాకు సైకిల్ పోటీలకు శిక్షణ ఇచ్చింది ఆమే. చిన్న గేరులో కాళ్లు తేలికగా, వేగంగా తిరగాలనేది ఆమె పద్ధతి. నాకది కుట్టుమిషను తొక్కినట్టు కనిపించేది. పొలాలన్నీ పోయినా, రాజురా వైపు మాది ఇప్పటికీ దొరల ఇల్లే. పెద్ద గేరులో నింపాదిగా తొక్కడమే నాకు మర్యాదగా తోచేది.

జిల్లా ఎంపికకు ముందు చివరి సాధన. వెనకబడినవాళ్ల పేర్లు పంపనని ఆమె ముందే చెప్పింది. భద్రావతి దారిలో ఎదురుగాలి లేచింది. నా మోకాళ్లు బిగుసుకుపోయాయి, మిగతావాళ్లు దూరమయ్యారు. ముందు తొక్కుతున్న ఆమె వేగం తగ్గించి నా పక్కకు వచ్చింది.

"గేర్ దించు తమ్మీ."

"మా ఇంట్ల ఎవ్వరు కిందికి దిగలే అక్కా."

"దిగకుంటే పడ్తవ్ దొరా! నిన్నిక్కడ ఎవ్వరు చూస్తలేరు. దించు!"

దించాను. కాళ్లు తిరిగాయి, గుంపును అందుకున్నాను. ఎంపికకు నా పేరు వెళ్లింది.

ఆమె చేసిన మేలు మరచిపోను. అయినా, ఎవరూ చూడటం లేదని మాత్రం అనకుండా ఉండాల్సింది.